హైలాండ్స్‌లో అమ్మానాన్నలతో వారం రోజులు: ప్లాన్ చూసి చెప్పండి

కృష్ణాతీరం | ఏప్రిల్ 6

అందరికీ నమస్కారం. నేను మాంచెస్టర్‌లో ఉంటాను. ఈ నెలాఖరుకి అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. మే రెండో వారంలో వాళ్లకి స్కాట్లాండ్ హైలాండ్స్ చూపించాలని ఉంది. నాన్నకి 68, అమ్మకి 63. అమ్మకి మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా ముట్టదు. నాన్న ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. శ్రీశైలం ఘాట్ మీద ఏళ్ల తరబడి బస్సు నడిపారు. కొండదారి అంటే ఆయనకి ప్రాణం.

నేను అనుకున్నది ఇది. మొదటి రోజు ఎడిన్‌బరో కోట చూసి రాత్రికి స్టిర్లింగ్. రెండో రోజు గ్లెన్‌కో, ఫోర్ట్ విలియం, గ్లెన్‌ఫినన్ వంతెన చూసుకుని రాత్రికి స్కై దీవి. మూడో రోజు స్కై మొత్తం. నాలుగు, ఐదు రోజులు ఎన్‌సీ 500 (నార్త్ కోస్ట్ 500) రూట్లో పడమటి తీరం. ఆరో రోజు లాక్ నెస్ సరస్సు, అర్కర్ట్ కోట, ఇన్వర్‌నెస్. ఏడో రోజు ఇంటికి. హోటళ్లు వద్దు, పల్లెటూళ్లలో గెస్ట్‌హౌస్‌లే తీసుకుందామనుకుంటున్నా. రోజుకో ఊళ్లో.

నాన్నతో కాసేపు కారు నడిపించొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

క్లైడ్ ఒడ్డు | ఏప్రిల్ 6

గ్లాస్గోలో 11 ఏళ్లుగా ఉంటున్నాను కాబట్టి చనువుగా చెబుతున్నా, ఏమీ అనుకోకండి. ఈ ప్లాన్‌లో మీ అమ్మగారు చూసేది కారు అద్దాన్నే. ఎన్‌సీ 500 అంటే ఇన్వర్‌నెస్ కోట దగ్గర మొదలై ఉత్తరాన్ని చుట్టి మళ్లీ అక్కడికే వచ్చే 516 మైళ్ల దారి. 2015లో ఆ పేరు పెట్టాక జనం విపరీతంగా పెరిగారు. అందులో చాలా ముక్కలు ఒకే కారు పట్టే రోడ్లు. మ్యాప్‌లో గంట అని చూపిస్తే గంటన్నర వేసుకోండి. రెండు రోజుల్లో ఆ పడమటి తీరం చూడటం కుదరదు, దాటెయ్యడమే అవుతుంది.

ఎడిన్‌బరో తీసెయ్యండి. మాంచెస్టర్ నుంచి రైల్లో ఎప్పుడైనా తీసుకెళ్లొచ్చు. మూడు ఊళ్లు పెట్టుకోండి. గ్లెన్‌కో పక్కన బాలహూలిష్‌లో 2 రాత్రులు, ఐలన్ డోనన్ కోట ఉన్న డోర్నీలో 3 రాత్రులు, ఇన్వర్‌నెస్‌కి ఉత్తరంగా ఏదైనా పల్లెలో 2 రాత్రులు. రోజూ పెట్టెలు సర్దే బాధ ఉండదు. ముసురు పట్టి ఒక రోజు పోయినా రెండో రోజు చేతిలో ఉంటుంది. మొన్న సెప్టెంబర్‌లో మా అత్తమామలని తీసుకెళ్తే గ్లెన్‌కోలో ముప్ఫై గంటలపాటు కొండ అన్నది కనిపించలేదు. రెండో రోజు సాయంత్రం నాలుగింటికి తెర లేచింది. అంతకుముందే వెళ్లిపోయి ఉంటే ఏమీ చూడనట్టే.

నాన్నగారి సంగతి: విజిటర్‌గా వచ్చినవాళ్లు ఇండియా లైసెన్సుతో 12 నెలల వరకు కారు నడపొచ్చు. అద్దెకారు అయితే మాత్రం ఆయన పేరు కూడా కాగితాల్లో ఎక్కించాలి. కొన్ని కంపెనీలు పెద్ద వయసుకి పరిమితి పెడతాయి. బుక్ చేసేముందే అడగండి.

హైదరాబాదీ రైడర్ | ఏప్రిల్ 6

స్కైలో ఒక్క రాత్రి కూడా లేకుండా హైలాండ్స్ ఏంటి అన్నా? ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్, క్విరైంగ్, ఫెయిరీ పూల్స్... అసలు అందమంతా అక్కడే కదా. నేను 4 రోజుల్లో స్కై, ఎన్‌సీ 500లో సగం కొట్టాను. పొద్దున్న 5కి లేస్తే అన్నీ అవుతాయి.

క్లైడ్ ఒడ్డు | ఏప్రిల్ 7

మీకు అయ్యింది తమ్ముడూ, కాదనను. కానీ మీరు చెప్పిన మూడూ కాళ్లతో చూడాల్సినవి. స్టోర్ దగ్గర ఎక్కుడు గట్టిగానే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ కింద కార్ పార్కులో రెండు గంటలు కూర్చోవాలి. డోర్నీ నుంచి స్కై వంతెన పట్టుమని 20 నిమిషాలు కూడా లేదు. పొద్దున్న వెళ్లి, పోర్ట్రీ, డన్వెగన్ కోట చూసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు. 1995లో కట్టిన వంతెన అది. మొదట్లో టోల్ ఉండేది, జనం ఏళ్ల తరబడి పోరాడితే 2004 చివర్లో ఎత్తేశారు.

కోనసీమ కోడలు | ఏప్రిల్ 7

అబర్దీన్ నుంచి. ప్లాన్ సంగతి పెద్దలు చెప్పారు కాబట్టి నేను వేరే మాట చెబుతా. అక్కడ బోర్డుల మీద ఊరి పేర్లు ఇంగ్లీషుతో పాటు అక్కడి పాత భాష గేలిక్‌లో కూడా ఉంటాయి. నాలుగు ముక్కలు తెలిస్తే దారంతా పుస్తకంలా చదువుకోవచ్చు. బెన్ అంటే కొండ, గ్లెన్ అంటే లోయ. ఐలన్ అంటే దీవి. ఐలన్ డోనన్ అన్న పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు మా లంకలే గుర్తొచ్చాయి. అది నీళ్ల మధ్య ఉన్న డోనన్ లంక. ఇన్వర్ అంటే ఏరు వెళ్లి కలిసే చోటు, మా వైపు 'మొగ' అంటామే, అదే. ఇన్వర్‌నెస్ అంటే నెస్ ఏటి మొగ. కిన్ అంటే తల, లాక్ అంటే సరస్సు. కిన్‌లాక్‌లెవెన్ అంటే లెవెన్ సరస్సు తలాపున ఉన్న ఊరు.

ఇంకో మాట కూడా నేర్చుకోండి, గేలిక్ కాదు కానీ రోజూ వినిపిస్తుంది: డ్రీఖ్. రోజంతా వదలకుండా, గట్టిగా కురవకుండా, ఆకాశం నేల మీదికి వంగినట్టుండే వాతావరణం. ఇంగ్లీషులో దానికి సరైన మాట లేదంటారు కానీ మనకుంది: ముసురు. అక్కడివాళ్లతో ఎండ బాగుందని మొదలుపెడితే ఒక్క మాటతో ఆపేస్తారు. 'ఏమిటండీ ఈ డ్రీఖ్' అంటే మాత్రం పావుగంట మాట్లాడతారు.

పప్పుచారు | ఏప్రిల్ 7

అమ్మగారి భోజనం గురించి. గెస్ట్‌హౌస్ బుక్ చేసేటప్పుడే శాకాహారం, గుడ్డు కూడా వద్దు అని రాయండి. చాలాచోట్ల ముందు రోజు రాత్రే పొద్దుటి టిఫిన్ చీటీ ఇస్తారు, అందులో మళ్లీ రాయండి. బ్లాక్ పుడింగ్ జోలికి పోవద్దు, అది రక్తంతో చేస్తారు. హ్యాగిస్ అంటే గొర్రె లోపలి భాగాలతో చేసే అక్కడి వంటకం, అందులో శాకాహార రకం కూడా ఉంది. ఓట్లు, పప్పులు, కూరగాయలు, మిరియాల ఘాటు. మా అమ్మ రెండోసారి వడ్డించుకుంది. ట్యాటీ స్కోన్ అంటే బంగాళాదుంప రొట్టె. అయితే బేకన్ వేయించిన పెనం మీదే కాలుస్తారు కాబట్టి వేరే పెనం మీద చెయ్యమని అడగండి. అడిగితే నొచ్చుకోరు.

గదిలో కుక్కర్ పెట్టొద్దు. పొగకి అలారం మోగి ఇల్లంతా బయటికి రావాలి. గదిలో కెటిల్ ఉంటుంది, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా, అటుకులు తీసుకెళ్లండి. పల్లెల్లో రాత్రి ఎనిమిదింటికే వంటగదులు మూసేస్తారు. సాయంత్రం వెలుగు పదింటి దాకా ఉండటం వల్ల టైము తెలియదు, జాగ్రత్త. మాకు ఒక రాత్రి బిస్కెట్లే గతి అయ్యాయి.

దారిలో ఇళ్ల గేట్ల దగ్గర చిన్న చెక్కపెట్టెలు కనిపిస్తాయి. గుడ్లు, కేకులు, జామ్ సీసాలు పెట్టి, పక్కన డబ్బుల డబ్బా పెడతారు. మనుషులెవరూ ఉండరు. చిల్లర దగ్గర పెట్టుకోండి.

ఘాట్ రోడ్ | ఏప్రిల్ 8

ఒకే కారు పట్టే రోడ్ల గురించి, ఎందుకంటే కొత్తవాళ్లు ఇక్కడే టెన్షన్ పడతారు. కొద్దికొద్ది దూరంలో పాసింగ్ ప్లేస్ అని బోర్డు పెట్టి రోడ్డు వెడల్పు చేసి ఉంటుంది. అది మీ ఎడమవైపు ఉంటే అందులోకి తీసి ఆగాలి. కుడివైపు ఉంటే అందులోకి వెళ్లొద్దు, దానికి ఎదురుగా మీ దారిలోనే ఆగాలి, అవతలి కారు అందులోంచి వస్తుంది. వెనకాల ఎవరైనా తొందరలో ఉంటే వాళ్లకీ దారివ్వాలి, డ్యూటీకి వెళ్లే నర్సో, పోస్టు వ్యానో అయ్యుంటుంది. ఫోటోల కోసం అక్కడ కారు ఆపొద్దు. దాటాక చెయ్యి ఎత్తడం మరిచిపోవద్దు.

మంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. డిప్‌లోనే పెట్టండి. వెనక ఫాగ్ లైటు 100 మీటర్ల లోపు కనిపించనప్పుడే వెయ్యాలి, మంచు తగ్గగానే తీసెయ్యాలి. గొర్రె రోడ్డు దాటితే వెనకే దాని పిల్ల వస్తుందని అనుకోండి. మేలో పిల్లలు చాలా ఉంటాయి.

పాత కైఫీయతు | ఏప్రిల్ 9

కోటల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి కొంచెం. ఐలన్ డోనన్‌ని ఫోటోల్లో చూసి అందరూ ఎనిమిది వందల ఏళ్లనాటి గోడలనుకుంటారు. 1719లో రాజు మీద తిరుగుబాటుకి సాయంగా వచ్చిన స్పెయిన్ సైనికులు అందులో ఉండగా ప్రభుత్వ ఓడలు ఫిరంగులతో కొట్టాయి, ఆ తర్వాత మందుగుండు పెట్టి పేల్చేశారు. దాదాపు రెండు వందల ఏళ్లు రాళ్లకుప్పగా పడి ఉంది. మెక్రే వంశీకుడొకాయన కొని, 1912 నుంచి 1932 దాకా మళ్లీ కట్టించాడు. ఆ అందమైన రాతి వంతెన కూడా అప్పటిదే. నాకైతే దానివల్ల విలువ తగ్గలేదు. ఒక వంశం తమ పాడుబడ్డ గడపని ఇరవై ఏళ్లు కూర్చుని నిలబెట్టుకుంది. అర్కర్ట్ కోటకి ఆ అదృష్టం దక్కలేదు. శత్రువులకి పనికిరాకుండా 1692లో వెళ్లిపోయే సైనికులే మందుగుండు పెట్టి పేల్చారు. అందుకే అది సగం బురుజుతో నిలబడి ఉంటుంది.

అదే 1692లో గ్లెన్‌కోలో జరిగింది మాత్రం తెలుసుకుని వెళ్లండి. రాజుకి విధేయత ప్రమాణం చెయ్యడంలో అక్కడి మెక్‌డొనాల్డ్ వంశపు పెద్ద కొద్ది రోజులు ఆలస్యమయ్యాడు. ఆ సాకుతో సైనికులు వచ్చి, వాళ్ల ఇళ్లలోనే దాదాపు రెండు వారాలు అతిథులుగా ఉండి, వాళ్లు పెట్టింది తిని, ఫిబ్రవరి 13 తెల్లవారుజామున లేచి 38 మందిని చంపారంటారు. కొండల్లోకి పారిపోయినవాళ్లలో ఎందరో మంచులో పోయారు. తిన్న ఇంటికి చేసిన ద్రోహం కాబట్టే మూడు వందల ఏళ్లయినా అక్కడివాళ్లు మరిచిపోలేదు.

మన తెలుగువాళ్లకి ఇంకో బంధం ఉంది. కైఫీయతులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, సేకరింపజేసిన కాలిన్ మెకంజీ ఈ పడమటి దీవులవాడే, లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టాడు. 1797లో అమరావతి బౌద్ధ స్తూపం దిబ్బ దగ్గరికి వెళ్లినవాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన దగ్గర పనిచెయ్యకపోతే మన ఎన్నో ఊళ్ల చరిత్ర కరణాల కవిలె కట్టల్లోనే చెదలు పట్టేది. అలపూల్ నుంచి స్టోర్నోవేకి ఓడ ఉంది, వీలైతే వెళ్లండి.

క్లైడ్ ఒడ్డు | ఏప్రిల్ 9

చాలా మంచి సంగతి. కానీ ఓడలోనే ఒక్కో వైపు రెండున్నర గంటలు దాటుతుంది, వారంలో పట్టదు. ఆ చివరి 2 రాత్రుల్లో ఇంకోటి చూడమంటాను. ఆర్డ్‌గే అనే ఊరి నుంచి పది మైళ్లు లోపలికి వెళ్తే క్రోయిక్ చర్చి ఉంటుంది. దారంతా లోయలు ఖాళీగా, ఎంత ప్రశాంతం అనుకుంటూ వెళ్తాం కదా, ఆ ఖాళీ ఎలా వచ్చిందో అక్కడ తెలుస్తుంది. గొర్రెల మంద అయితే కౌలు ఎక్కువ వస్తుందని భూస్వాములు లోయలకి లోయలు ఖాళీ చేయించారు. 1845 మే నెలలో గ్లెన్‌కాల్వీ రైతులని పంపేస్తే వాళ్లు ఈ చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. కిటికీ అద్దాల మీద వాళ్లు గీసిన రాతలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంతకంటే చెప్పను, చూడండి.

కృష్ణాతీరం | ఏప్రిల్ 10

అందరికీ ధన్యవాదాలు. ప్లాన్ మొత్తం మార్చేశాను: బాలహూలిష్ 2, డోర్నీ 3, ఆర్డ్‌గే దగ్గర 2. క్రోయిక్ కూడా పెట్టాను. వచ్చాక రాస్తాను.

కృష్ణాతీరం | మే 24

వచ్చి నాలుగు రోజులైంది. రాస్తానన్న మాట ప్రకారం రాస్తున్నా.

క్లైడ్ ఒడ్డు గారూ, రెండు రాత్రుల లెక్క మమ్మల్ని కాపాడింది. లాక్ లోమండ్ దాటేవరకు ఎండ. రానక్ మూర్ అనే బీడు మీదికి ఎక్కేసరికి మబ్బు రోడ్డు మీదే కూర్చుంది. ముందు కారు వెనక లైట్లు రెండూ నిప్పుకణికల్లా కనిపించడం, మాయమవడం. నాన్న పక్క సీట్లో ముందుకి వంగి కూర్చుని "తెల్లగీత వదలొద్దు, కొండవైపు చూడొద్దు, గీతనే చూడు" అంటూ ఇరవై మైళ్లు నాతో పాటు నడిపారు. కార్ల కంపెనీ వయసు దగ్గర ఒప్పుకోలేదు, అందుకని స్టీరింగ్ ఆయనకి ఇవ్వలేకపోయా. అది ఇప్పటికీ బాధే.

ఆ సాయంత్రం గ్లెన్‌కోలో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మర్నాడు పదకొండింటికి ముందుగా ఒక కొండ భుజం బయటపడింది, నల్లగా, తడిసిన ఏనుగు వీపులా. ఆ తర్వాత దాని మీద నుంచి దూకే తెల్లటి ధారలు. అమ్మ కారు దిగి, గుడిలో నిలబడ్డట్టు నిలబడింది. 1692 కథ చెబితే "అన్నం తిని ఎలా చేశార్రా" అని ఆ రాత్రి దాకా అదే మాట.

స్కై ఒక పూట చూశాం. బాగుంది, జనం బాగా ఉన్నారు. వచ్చేటప్పుడు గుంతలో పడి టైరు పక్కభాగం కోసుకుపోయింది. స్టెప్నీ లేదు, కారు అద్దెకిచ్చినవాళ్లు మూడు గంటలన్నారు. డోర్నీలో మేం దిగిన ఇంటావిడకి ఫోన్ చేస్తే, దగ్గర్లోని గ్యారేజీ ఆయన్ని ఆవిడే పంపింది. తిరిగొచ్చేసరికి అమ్మ కోసం శాకాహార హ్యాగిస్ పొయ్యి మీద వేడిగా ఉంది. రాత్రి భోజనం వాళ్ల లెక్కలో లేదు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అమ్మ మర్నాడు పొద్దున కందిపొడి డబ్బా ఇచ్చి, వేడన్నం, నెయ్యి ఎలా కలుపుకోవాలో చేతులతో చూపించింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. కోనసీమ కోడలు గారూ, "డ్రీఖ్" అన్న ఒక్క మాట మాత్రం అమ్మకి వచ్చింది, బాగా పనికొచ్చింది.

కోట మా కిటికీలోంచి కనిపించేది. తెల్లవారుజామున నీళ్ల మీద పొగమంచు, పైన బురుజు, కింద ఏమీ లేదు. నిజంగా లంకే.

పాసింగ్ ప్లేస్‌లు నాన్నకి ఎంత నచ్చాయో చెప్పలేను. రెండో రోజుకి నాకంటే ముందే ఎదుటి కారుని పసిగట్టి "ఆపు, ఎడమ" అనేవారు. ప్రతి డ్రైవరుకీ చెయ్యి ఎత్తేవారు, ఘాట్‌లో ఎదురుబస్సు డ్రైవరుకి ఎత్తినట్టే. అందరూ తిరిగి ఎత్తారు. "ఇక్కడ హారన్ లేదు, దీనితోనే నడుస్తోంది" అన్నారు.

క్రోయిక్ గురించి రాయడం నాకు కష్టంగా ఉంది. చిన్న చర్చి, చుట్టూ రాతిగోడ, చెట్లు. డైమండ్ ఆకారంలో చిన్న చిన్న గాజు పలకలు. రాతలు బయటి వైపు ఉన్నాయి, ఎందుకంటే వాళ్లు బయటే ఉన్నారు. సూదితో గీసినంత సన్నగా. గ్లెన్‌కాల్వీ జనం ఇక్కడున్నారని ఒకటి. తమని తామే దుష్ట తరం అనుకున్నట్టుగా ఇంకోటి. మా పాపం వల్లే ఇలా జరిగిందని వాళ్లు అనుకున్నారట. నేను చదివి నాన్నకి తెలుగులో చెప్పాను.

మా నాన్న ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. 1981లో. అప్పుడు ఆయనకి 24. ఇంట్లో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తరు. ఆ కిటికీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, ఒక్కో పలకా చూశారు. తర్వాత అన్నారు: "మేం తలుపులు, దూలాలు ఊడబెరుక్కుని బండ్ల మీద వేసుకొచ్చాం. పేరు రాయాలని మాకు తోచలేదు." అమ్మ కూడా ఈ మాట మొదటిసారి విందట.

తిరిగి వచ్చే పది మైళ్లు ఎవరం మాట్లాడలేదు. మధ్యలో మొండి గోడలు కనిపించిన ప్రతిచోటా నాన్న కారు నెమ్మదించమన్నారు.

కోనసీమ కోడలు | మే 24

చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

పాత కైఫీయతు | మే 25

కృష్ణాతీరం గారూ, మీ నాన్నగారి చేత ఆ ఊరి సంగతులు చెప్పించి ఫోన్లో రికార్డు చెయ్యండి. ఇళ్లు ఎక్కడెక్కడ ఉండేవి, బావి ఎవరిది, గుడిలో ఏ దేవుడు, జాతర ఎప్పుడు, అన్నీ. నిజంగా అడుగుతున్నాను. రాసిపెట్టే పని నేను చేస్తాను.

కృష్ణాతీరం | మే 25

నిన్న రాత్రి మొదలుపెట్టామండీ. మీరు అడగకముందే ఆయనే కాగితం, పెన్ను అడిగి వీధుల పటం గీశారు. పదిహేడు ఇళ్లు అయ్యాయి. ఇంకా ఉన్నాయట.

ఘాట్ రోడ్ | మే 26

మేం జూన్‌లో వెళ్తున్నాం. క్రోయిక్‌కి కారు సులువుగా వెళ్తుందా? చర్చి తీసి ఉంటుందా?

కృష్ణాతీరం | మే 26

చిన్న కారు అయితే ఇబ్బంది లేదు. చివరి పది మైళ్లు ఒకే కారు పట్టే రోడ్డు, మాకు ఫోన్ సిగ్నల్ అందలేదు, పెట్రోలు ఇన్వర్‌నెస్‌లోనే నింపుకోండి. మేం వెళ్లినప్పుడు తలుపు తీసే ఉంది. మూసి ఉన్నా పర్వాలేదు, రాతలు బయటి నుంచే చదవాలి. గాజుకి చెయ్యి తగలనివ్వకండి. జూన్‌లో గాలి ఆగితే మిడ్జ్ అనే దోమల్లాంటి చిన్న పురుగులు ముసురుతాయి, మందు రాసుకుని వెళ్లండి.

క్లైడ్ ఒడ్డు | మే 28

ఒకటి అడగాలి. వచ్చే ఫిబ్రవరి, మార్చిలో మేం ఇండియా వస్తున్నాం. శ్రీశైలం జలాశయంలో మునిగే సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడుతుంది కదా, ఆ సమయానికి కుదురుతుందా? పిల్లలకి చూపించాలి.

కృష్ణాతీరం | మే 28

జలాశయంలో నీటిమట్టం ఎంత తగ్గింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాన్న ఏటా గుడి బయటపడగానే వెళ్తారు. మీ మాట చెప్పాను. నందికొట్కూరులో మా ఇంట్లోనే దిగమన్నారు, రెండు రాత్రులకి తక్కువైతే ఒప్పుకోనన్నారు.